ఇత్తడి నాలుకకు మన స్వరము నేర్పుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము 25 సంవత్సరములపాటు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన విషయము కాదు. ఈ పండుగనాడు నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పెద్ద విషయములను పెద్దలకు విడిచి, జేబులో పట్టునంతటి చిన్న విషయము నొకదానిని తెచ్చితిని. ఇదిగో, ఈ మౌతార్గాను. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కొను ఆటవస్తువని దీనిని చాలమంది తలంతురు. కావచ్చును. కాని దీని గర్భమున 20 ఇత్తడి నాలుకలు గలవు. ఆ నాలుకలకు పుట్టుకతో వచ్చిన భాష యొకటి గలదు. వానికి మన భాష నేర్పవచ్చునా? నేర్పవలెనన్న ఏమి చేయవలెను? నేర్పుటలో మనము పోగొట్టుకొనున దేమి? ఈ మూడు ప్రశ్నలే నేటి నా ప్రసంగము.

మన యూరివారికి హార్మోనియము క్రొత్త కాదు. పౌరాణిక నాటకమనగానే తెర లేవకమునుపే వేదిక ప్రక్కకు హార్మోనియపు పెట్టె వచ్చి కూర్చుండవలసినదే. మౌతార్గాను ఆ పెట్టెకు తోబుట్టువు. రెంటియందును పలుకునది ఒక్కటే, రీడు. అది సన్నని ఇత్తడి ముక్క. దాని యొక కొన రేకునకు బిగింపబడి యుండును. రెండవ కొన స్వేచ్ఛగా నుండును. దాని క్రింద సరిగా దాని కొలతకే కోసిన సందు గలదు. ఆ సందుగుండ గాలి పోవునపుడు రీడు లోనికి వంగుచు, వెలికి లేచుచు అదరును. ఆ యదురుటయే స్వరము. హార్మోనియమున గాలి తిత్తినుండి వచ్చును. దీనియందు మన ఊపిరినుండి వచ్చును.

చీనా దేశపు 'షెంగ్' అను వాద్యమున ఇట్టి స్వేచ్ఛా నాలుకలు అతి ప్రాచీన కాలమునుండి వాడుకలో నున్నవి. ఐరోపాలో 19వ శతాబ్దిలో ఈ సూత్రమునుండి పలువిధములైన వాద్యములు పుట్టినవి. పారిసు నగరమున అలెగ్జాండర్ దెబేన్ 1840 ప్రాంతమున హార్మోనియమునకు రూపమిచ్చెను. ఆ శతాబ్ది చివరి భాగమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలపై కూర్చుండి చేతితో తిత్తి వేయుటకు అనువుగా మార్చెను. జర్మనీలోని ట్రాసింగెన్ అను ఊర మత్తయాస్ హోనర్ అను గడియారముల పనివాడు 1857లో మౌతార్గానుల తయారీకి పూనుకొనెను. 1896లో ఆ సంస్థవారు 'మెరైన్ బ్యాండ్' అను పేర వెలువరించిన పది రంధ్రముల మౌతార్గాను నేటికిని అమ్మకములో నున్నది.

ఆ పది రంధ్రముల అమరికకు రిక్టర్ అమరిక యని పేరు. ఒక్కొక్క రంధ్రమునకు రెండు రీడులు. ఒకటి ఊదినపుడు పలుకును, ఒకటి పీల్చినపుడు పలుకును. ఒకటవ శ్రుతి వాద్యమును మన స్వరములలో చెప్పెదను. ఊదినచో 1నుండి 10వరకు వరుసగా స గ ప, స గ ప, స గ ప, స. పీల్చినచో రి ప ని, రి మ ద ని, రి మ ద. నడిమి స్థాయి, అనగా 4వ రంధ్రమునుండి 7వ రంధ్రమువరకు, ఏడు స్వరములును గలవు. అవి శంకరాభరణపు స్వరములు. క్రింది స్థాయిలో మధ్యమమును, ధైవతమును లేవు. పై స్థాయిలో నిషాదము లేదు.

ఇట్లేల చేసిరి? ఊదినచో స గ ప లు కలిసి మ్రోగవలెను, పీల్చినచో ప ని రి లు కలిసి మ్రోగవలెను. ఈ రెండు స్వరసమూహములు దొరికినచో వారి జానపద గీతములకు తోడు దొరికినట్లే. తమ పాటకు తగినట్లు వారు వాద్యమును చేసికొనిరి. అందు వారి తప్పేమియు లేదు. మన పాట వేరగుటయే చిక్కు.

ఆ చిక్కు నాకు బాల్యమునందే ఎదురైనది. మా అక్క సంగీతము నేర్చుకొనుచుండెను. మా తమ్మునికి నాన్నగారు తిరునాళ్ళలో మౌతార్గాను కొనిపెట్టిరి. వాడు ప్రొద్దస్తమానము అక్క పాడు సరళీ వరుసలను దానిపై పలికింపజూచుచుండెడివాడు. గ, మ, ప బాగుగనే వచ్చెడివి. రి దగ్గరకును, ద దగ్గరకును వచ్చుసరికి ఏదో ముల్లు గుచ్చుకొన్నట్లుండెడిది. ఒకనాడు మాస్టారు అది విని నవ్వి, "నాయనా, తప్పు నీది కాదు. దాని పొట్టలో ఆ స్వరం లేదు" అనిరి.

మాస్టారి మాట అక్షరాల నిజము. పురందరదాసు వేసిన బాటయని సంప్రదాయము చెప్పునట్లు, మన పిల్లలకు మొదటి పాఠము మాయామాళవగౌళలో జరుగును. దానికి శుద్ధ రిషభమును, శుద్ధ ధైవతమును కావలెను. మౌతార్గానున నున్నవి చతుశ్శ్రుతి రిషభ ధైవతములు. ఒక్కొక్కటి ఒక స్వరస్థానము ఎక్కువ. మన బిడ్డ నేర్చు మొట్టమొదటి పాఠమే ఆ పెట్టెలో లేదన్నమాట.

నాకప్పుడు పదమూడేండ్లు. లేని స్వరమును నేను తెచ్చెదనని తమ్మునితో పంతము పలికి, రాత్రి దీపము వెలుగున దాని పై రేకులను ఊడదీసితిని. స్వరము తగ్గవలెనన్న రీడును తగ్గింపవలెనని నాకు తోచినది. వడ్రంగి యింటినుండి తెచ్చిన ఆకురాయితో 4వ రంధ్రపు రీడు కొనను అరుగదీసితిని. స్వరము తగ్గుటకు బదులు పెరిగినది. చాలలేదేమో యనుకొని ఇంకను అరుగదీసితిని. ఇంకను పెరిగినది. కోపముతో గట్టిగా రుద్దగా రీడు మొదట పగిలి చేతికి వచ్చినది. తెల్లవారి తమ్ముడు దానిని ఊది చూచెను, పీల్చి చూచెను. నన్నొక మాటయు అనలేదు. గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, మరల దాని జోలికి పోలేదు. వాడు కోపపడి యున్నచో నేను మరచిపోయి యుందును.

అప్పటికి మన యూర గ్రంథాలయము లేదు. ఉన్నచో, ఆకురాయి పట్టుటకు ముందు పుస్తకము పట్టియుందునేమో. నేను చేసిన తప్పేమో, చాల యేండ్ల తరువాత ఈ గ్రంథాలయమున ధ్వనిశాస్త్ర మొకటి చదువునపుడు తెలిసినది. ఆ సంగతిని పుస్తకపు భాషలో గాక మన పెరటి భాషలో చెప్పెదను.

మునగకొమ్మ నొకదానిని చూడుడు. దాని కొనపై కాకి వ్రాలినచో కొమ్మ మెల్లగా ఊగును. కాకి ఎగిరిపోయినంతనే త్వరత్వరగా ఊగును. కొన బరువు తగ్గినచో ఊపు వేగము పెరుగును. రీడు కొనను అరుగదీసిన నేను కాకిని ఎగురగొట్టితిని. కావున స్వరము పెరిగినది. ఆ కొమ్మనే మొదట కొంత చెక్కినచో ఏమగును? బిగువు తగ్గి బద్ధకముగా ఊగును. రీడును మొదట, అనగా బిగింపు దగ్గర, సన్నము చేసినచో స్వరము తగ్గును. సూత్రమింతియే. స్వరము పెంచుటకు కొనను తీయవలెను. దించుటకు మొదట తీయవలెను. ఎక్కువ దించవలసివచ్చినచో మొదలు బలహీనము కాకుండ, కొనపై ఆవగింజలో సగమంత టంకము వేసి బరువు పెంచుటయు గలదు. హార్మోనియమునకు శ్రుతి చేయువారు చేయునదియు ఇదియే.

ఇక ఏ రీడును మార్చినచో ఏ రాగము వచ్చునో చూతము.

మొదటిది అతి సులభము. 2వ రంధ్రమున పీల్చినను, 3వ రంధ్రమున ఊదినను వచ్చునది ఒకే పంచమము. ఒకే స్వరమునకు రెండు ఇండ్లు! 3వ ఊదు రీడును రెండు స్వరస్థానములు పెంచినచో అది ధైవతమగును. పంచమము 2వ రంధ్రమున ఉండనే యున్నది. ఇప్పుడు 1 ఊది స, 1 పీల్చి రి, 2 ఊది గ, 2 పీల్చి ప, 3 ఊది ద, 4 ఊది స. క్రింది స్థాయిలో మోహన రాగము సంపూర్ణముగా వచ్చినది. ఈ మార్పును న్యూజిలాండ్ వాద్యకారుడు బ్రెండన్ పవర్ ఐరిష్ జానపద గీతములకొరకు చేసెను. దానికి 'ప్యాడీ రిక్టర్' అని పేరు. ఐర్లండు పాటకొరకు చేసిన మార్పు మన మోహనకు సరిపోయినది.

రెండవది 5వ పీల్చు రీడు. అది శుద్ధ మధ్యమము. ఒక్క స్వరస్థానము పెంచినచో ప్రతి మధ్యమమగును. నడిమి స్థాయి శంకరాభరణము కల్యాణి యగును. అమెరికా గ్రామగీతముల వాద్యకారులు ఈ మార్పును వాడుదురు. దానిని వారు 'కంట్రీ' శ్రుతి యందురు.

మూడవది 2, 5, 8 ఊదు గాంధారములను, 3, 7 పీల్చు నిషాదములను ఒక్కొక్క స్థానము దించుట. అప్పుడు ఖరహరప్రియ వచ్చును. ఆ వాద్యముననే పంచమమును షడ్జముగా నెంచుకొన్నచో నఠభైరవి వచ్చును. గ్రహభేదము తెలిసినవారికి ఇది వింత కాదు. డెన్మార్కులో పుట్టిన లీ ఆస్కర్ అను వాద్యకారుడు 1983లో నెలకొల్పిన సంస్థ ఈ యమరిక గల వాద్యమును సిద్ధముగా అమ్ముచున్నది. గాంధారములను, ధైవతములను దించిన మరియొక రకమును వారే అమ్ముదురు. దాని స్వరములు కీరవాణి స్వరములు.

ఇక మా తమ్మునికి కావలసిన మాయామాళవగౌళ. మూడు స్థాయిలందును కావలెనన్న 1, 4, 8 పీల్చు రిషభములను, 6, 10 పీల్చు ధైవతములను, మొత్తము 5 రీడులను దించవలెను. కాని సరళీ వరుసలకు నడిమి స్థాయి చాలును. దానికి 4వది, 6వది, రెండే రీడులు! ఇన్నేండ్లు నా మనసులో నున్న ముల్లు రెండు రీడుల దూరమున నున్నది. పైగా పీల్చు రీడులు క్రింది రేకున వెలుపలి ముఖమున నుండును. మూత తీసినంతనే కనబడును.

చేయు విధానము చెప్పెదను. పిల్లలు శ్రద్ధగా వినవలెను.

మొదట చౌక వాద్యముతో ఆరంభింపవలెను. స్వరమును కొలుచుటకు నేడు చేతిలోని సెల్‌ఫోనే సాధనము. అది సెంట్లలో చెప్పును. ఎకరమునకు 100 సెంట్లయినట్లే, ఒక స్వరస్థానమునకు తరువాతి స్థానమునకు నడుమ 100 సెంట్లు. రైతు బిడ్డలకు ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు. రీడు క్రింద పలుచని బ్లేడు ముక్కను ఊతముగా జొనుపవలెను. సన్నని ఆకురాయితో నిలువుగా, రీడు పొడవు వెంబడి మాత్రమే గీయవలెను. అడ్డగీత, ముఖ్యముగా మొదటి దగ్గర, పగులునకు దారి తీయును. నాలుగు గీతలు గీచి ఒకమారు కొలువవలెను. గీయునపుడు ఇత్తడి వేడెక్కును, వేడికి స్వరము దిగును. కావున చల్లారనిచ్చి కొలువవలెను. మూత బిగించి నోట పెట్టి పలికించినపుడు వచ్చునదే అసలు స్వరము. ఐదారు సెంట్లు మిగిలియుండగనే ఆపి, ఒక రాత్రి విడిచి, మరునాడు ముగింపవలెను. పని ముగిసిన తరువాత రీడు కొన సందునకు కొంచెము పైన, రీడు దళసరియంత యెత్తున నిలిచియున్నదో లేదో చూడవలెను. మరిగిపోయినచో పలుకదు, ఎత్తైనచో గాలి వృథా. అన్నిటికంటె ముఖ్యము, ఇత్తడి పొడిని పూర్తిగా తుడిచి కడుగనిదే నోట పెట్టరాదు. ఈ వాద్యమున ఊదుట యెంతయో పీల్చుటయు అంతయే యని మరువరాదు.

ఇక పోవునది. ఏదియు ఉచితముగా రాదు. 3వ రీడును పెంచినచో క్రింది స్థాయిలో స గ ప ల కలయిక పోవును. 4వ రీడును దించినచో ప ని రి ల కలయిక చెడును. మరియొకటి గలదు. నేర్పరులగు వాద్యకారులు నోటి ఆకృతిని మార్చి, 4వ, 6వ పీల్చు స్వరములను రీడు ముట్టకయే ఒక స్థానము దించగలరు. రెండు రీడుల నడుమ ఎడము ఉన్నచోటనే అది సాధ్యము. మనము శుద్ధ రిషభమును స్థిరపరచినచో షడ్జ రిషభముల నడుమ ఆ యెడము ఉండదు. జారుటకు చోటుండదు. మొదటి పాఠము నేర్చు బిడ్డకు స్థిరమైన స్వరము కావలెను. పండిన చేతికి జారెడు స్వరము కావలెను. ఎవరికొరకు చేయుచున్నామో ముందు నిర్ణయించుకొని ఆకురాయి పట్టవలెను.

శ్రుతి విషయమున ఒక మాట. కర్మాగారమున 12 స్వరస్థానములను సరిసమానముగా పంచి చేయు వాద్యములు చాల గలవు. మన తంబురాకు అట్టి పంపకము తెలియదు. బాగుగ శ్రుతి చేసిన తంబురాను మీటినచో షడ్జపు తీగనుండి గాంధారము తనంత తానే వినబడును. అది సమపంపకపు గాంధారముకంటె సుమారు 14 సెంట్లు తక్కువ. పంచమము మాత్రము 2 సెంట్లే ఎక్కువ. రీడు చేతికి వచ్చినవాడు ఫోనును ప్రక్కన పెట్టి, తంబురా ప్రక్కన కూర్చుండి, రెండు ధ్వనుల నడుమ వినబడు ఊపు సన్నగిల్లి ఆగిపోవువరకు గాంధారమును దించవచ్చును. హార్మోనియముపై విద్వాంసులు చేసిన ఆక్షేపణలలో ఈ శ్రుతి భేదమొకటి. గమకము పలుకదనుట రెండవది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును ప్రసారములనుండి తొలగించెను. 1971లో గాని కొంతమేరకైనను తిరిగి అనుమతింపలేదు. మొదటి ఆక్షేపణకు ఆకురాయి సమాధానము చెప్పగలదు. రెండవదానికి చెప్పలేదు. ఈ మౌతార్గాను వీణ కాదు, వేణువు కాదు. కాని మొదటి పాఠమునకు అడ్డు చెప్పని తోడుగా దీనిని చేయవచ్చును.

గడచిన సంక్రాంతికి నేనొక క్రొత్త వాద్యమున ఆ రెండు రీడులను దించి తమ్మునికి ఇచ్చితిని. వానికిప్పుడు తల నెరసినది. ఏమిటని అడుగక నోట పెట్టుకొని స పలికించెను, పీల్చెను. పీల్చి ఆగిపోయెను. వాద్యమును నోటినుండి తీసి దానివంక చూచి, "అన్నయ్యా, రి వచ్చిందే!" అనెను. అంతకుమించి మేమేమియు మాటాడుకొనలేదు. సాయంకాలమునకు అది వాని మనుమరాలి చేతిలో నుండెను.

పరుల చేతినుండి వచ్చినది గనుక పనికిరాదని త్రోసివేయుట ఒక పద్ధతి. వచ్చినదానిని వచ్చినట్లే మ్రోగించి, మనకు కావలసినది అందు లేదని ఊరకుండుట మరియొక పద్ధతి. మూత తీసి, లోపలి పొందిక తెలిసికొని, మనకు కావలసినంతమేర మార్చుకొనుట మూడవది. మూడవదానికి చదువు కావలెను. తీసిన లోహము తిరిగి రాదు. కనుక చదువు ముందు, ఆకురాయి తరువాత. ఆ వరుసను మన పిల్లలకు నేర్పుటకే ఇట్టి గ్రంథాలయములు.

ముగించుటకు ముందు ఈ గ్రంథాలయమునకు ఒక చిన్న కానుక. క్రొత్త వాద్యము కాదు. నోటి వాద్యము నోటినుండి నోటికి పోరాదు. ఇది మా తమ్ముని పాత మౌతార్గాను. 4వ రంధ్రమున రీడు లేదు. గుడ్డలో చుట్టి వాడు దాచియుంచినదే. వాని యనుమతితో తెచ్చితిని. దీనితోపాటు ఒక సన్నని ఆకురాయిని, నేను లెక్కలు వ్రాసికొన్న నోటుపుస్తకమును ఇచ్చుచున్నాను. ఎవరికైన ఆసక్తి కలిగినచో పుస్తకము చదివి, దీని మూత తీసి చూడవచ్చును. మిగిలిన 19 రీడులపై చేయి తిప్పుకొనవచ్చును. ఇది ఒకమారు పాడైనది. మరల పాడగునను భయము దీనికి లేదు. నేర్చుకొనువారికి ఇంతకంటె మంచి వాద్యము దొరకదు.